ఒకే ఒరలో రెండు బేస్‌లు

(బెంగళూరు మారతహళ్ళిలో తెలుగు యువ డీజేల కోసం జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, హాలు ఇచ్చిన అపార్ట్‌మెంట్ సంఘం వారికి నమస్కారం. పొద్దున్నే బాక్సులు మోసి, కేబుళ్ళు పరిచి, ఇప్పుడు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్న సౌండ్ కుర్రాళ్ళకు కూడా నమస్కారం. వాళ్ళకు థ్యాంక్స్ చెప్పడం ఎప్పుడూ చివర్లో, అదీ టైముంటేనే. నేను ముందే చెప్పేస్తున్నాను. వాళ్ళకు కుర్చీలు వేయించండి. వేసేదాకా ఆగుతాను, పర్వాలేదు.

సరే. బేస్, అంటే గుండెకు తగిలే ఆ లోతైన కింది శబ్దం, ఎక్కువగా ఉన్న డాన్స్ పాటల్ని ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలా కలపాలో చెప్పమన్నారు. చెప్పాల్సింది ఒక్కటే. ఏ క్షణంలో అయినా బేస్ ఒక్క పాటదే. రెండో పాట వచ్చిందంటే మొదటిది బేస్ వదులుకోవాలి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఊరికే అనలేదు. మిగతా అంతా ఈ మాటకు వివరణే.

ఎందుకు ఇమడవు? మన చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుందని స్కూల్లో చదువుకున్నాం. హౌస్, టెక్నో అనే డాన్స్ పాటల్లో కిక్ అనే పెద్ద డ్రమ్ దెబ్బలోని బలమంతా దాదాపు 50, 60 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని పక్కనే, ఒక్కోసారి దాని కిందే, బేస్ స్వరాల వరస, బేస్‌లైన్, నడుస్తుంది. పైన హై-హ్యాట్లనే చిన్న తాళాల చప్పుడుకు, చప్పట్లకు, గొంతుకు బోలెడంత జాగా ఉంది. కింద మాత్రం ఇరుకు. ఆ ఇరుకులో రెండు కిక్‌లు పడితే ఏమవుతుందో లెక్క చూడండి. 50 హెర్ట్జ్ అల ఒక్కటి పూర్తి కావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే రెండు కిక్‌ల మధ్య 10 మిల్లీసెకన్ల తేడా ఉందంటే ఒకటి పైకి లేచేటప్పుడు ఇంకోటి కిందకు దిగుతుంది. రెండూ కలిసి బలం పెరగాల్సింది పోయి ఒకదాన్నొకటి తినేస్తాయి. ఫ్లోర్ మీద జనం కాళ్ళు ఒక్కసారి తడబడతాయి. ఎందుకో వాళ్ళకు తెలీదు, మనకు తెలియాలి. తేడా అస్సలు లేకుండా రెండూ ఒకేలా కలిస్తే అప్పుడు 6 డెసిబెల్స్ దాకా పెరిగి, పాటలు కలిపే మిక్సర్‌లో ఎర్ర లైట్ వెలుగుతుంది. అలాగైనా నష్టం, ఇలాగైనా నష్టం.

స్వరం సంగతి కూడా చూడండి. ఒక పాట బేస్ ఎఫ్ అనే స్వరం మీద ఉంది, అంటే సుమారు 43.7 హెర్ట్జ్. రెండోది ఎఫ్ షార్ప్, 46.2. రెండూ కలిసి మోగితే సెకనుకు రెండున్నర సార్లు హాలంతా ఉబ్బినట్టు, తగ్గినట్టు ఊగుతుంది. గొంతులు శ్రుతి తప్పితే జనం మొహం చిట్లిస్తారు. బేస్ శ్రుతి తప్పితే మొహం చిట్లించరు, మెల్లగా బార్ కౌంటర్ వైపు నడుస్తారు.

ఇక చేతి పని. ఇది జాగ్రత్తగా వినండి, ఫోన్లు పక్కన పెట్టి.

మిక్సర్‌లో ప్రతి చానెల్‌కు, అంటే ప్రతి పాట దారికి, పైనుంచి హై, మిడ్, బేస్ అని మూడు నాబ్‌లుంటాయి. అన్నిటికంటే కిందున్నదాన్ని మనం బేస్ నాబ్ అంటాం. కొత్త పాట ఫేడర్, అంటే శబ్దం పెంచే జారుడు మీట, ఎత్తకముందే దాని బేస్ నాబ్ పూర్తిగా ఎడమకు తిప్పేసి ఉంచండి. హెడ్‌ఫోన్లో కిక్ మీద కిక్ కూర్చోబెట్టండి. ట్రిమ్, అంటే పాట లోపలికి వచ్చే లెవెల్ సర్దే నాబ్, సరిచేసి రెండు పాటల లెవెల్ ఒకే ఎత్తుకు తెండి. అప్పుడు ఫేడర్ ఎత్తండి. బయటికి హై-హ్యాట్లు, చప్పట్లు మాత్రమే వినిపిస్తాయి. ఎనిమిది బార్లు అలా నడవనివ్వండి, పదహారైనా నడవనివ్వండి, కొంప మునగదు. పాత పాటలో గొంతు ఉంటే కొత్తదాని మిడ్ కాస్త దించి ఉంచండి. ఎనిమిది బార్లంటే 32 బీట్లు. 128 బీపీఎమ్, అంటే నిమిషానికి 128 బీట్ల వేగం మీద సరిగ్గా 15 సెకన్లు. ఆ ముప్ఫై రెండూ అయిపోయి మళ్ళీ ఒకటి పడే చోట, రెండు చేతులూ రెండు బేస్ నాబ్‌ల మీద ఉండాలి. పాతదాన్ని దించండి, కొత్తదాన్ని మధ్యకు తెండి. ఒకే ఊపులో. పాతది అరబీటు ముందు దిగినా ఏమీ కాదు, ఆ చిన్న ఖాళీలో జనం ఊపిరి పీల్చుకుంటారు, తర్వాత పడే కిక్ రెట్టింపు బరువుగా అనిపిస్తుంది. కొత్తది ముందు ఎక్కితే మాత్రం నేను ఒప్పుకోను.

ఒక చిన్న విషయం. కొన్ని మిక్సర్లలో బేస్ నాబ్ పూర్తిగా తిప్పినా బేస్ పూర్తిగా పోదు. ఉదాహరణకు పయనీర్ డీజేఎమ్-900 నెక్సస్ 2 మిక్సర్ చూడండి. మామూలు ఈక్యూ మోడ్‌లో మైనస్ 26 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది, ఐసొలేటర్ మోడ్‌కు మార్చుకుంటేనే మొత్తం తెగుతుంది. కార్యక్రమానికి వెళ్ళగానే ముందు ఆ స్విచ్ ఎటుందో చూసుకోండి. అలాగే నాబ్ మధ్య నుంచి కుడికి తిప్పడం మర్చిపోండి. అటువైపు మనకు పని లేదు.

అటువైపు మనకు పని లేదు అన్నాను కదా. ఇంకొకళ్ళకు ఉంది. అదే చెప్పాలని వచ్చాను అసలు.

సర్జాపూర్ రోడ్డు వైపు ఒక పెళ్ళి రిసెప్షన్. మన తెలుగువాళ్ళదే. సౌండ్ తెచ్చింది చిత్తూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక అన్న. సొంతంగా ఒక వ్యాన్, అప్పు చేసి కొన్న 18 అంగుళాల బేస్ బాక్సులు నాలుగు, గొంతు, పై శబ్దాలు పలికే టాప్ బాక్సులు రెండు. ఆయన బాక్సులకు దుప్పట్లు కప్పి తెస్తాడు. దింపాక ప్రతి కనెక్టర్ తుడిచి పెడతాడు. సౌండ్ చెక్‌లో గ్రిల్ మీద అరచేయి ఆనించి, "ఇంతవరకే తమ్ముడూ, ఇది దాటితే దానికి నొప్పి" అని లెవెల్ చూపించాడు. నేను ఆ గీత దాటలేదు.

తొమ్మిది దాటింది. ఫ్లోర్ నిండా జనం, బాగా ఆడుతున్నారు. ఒక పాట నుంచి ఇంకో పాటకు మారే మధ్యలో ఉన్నాను, కొత్తదాని బేస్ పూర్తిగా దించి ఉంది. ఈవెంట్ వాళ్ళ మనిషి స్టేజీ ఎక్కి కన్సోల్ దగ్గరికి వచ్చాడు. "బేస్ రావట్లేదేంటి సార్, గెస్టులు అడుగుతున్నారు" అంటూనే చెయ్యి చాపి రెండు చానెళ్ళ బేస్ నాబ్‌లూ కుడికి తిప్పేశాడు. మొత్తం శబ్దాన్ని నడిపే మాస్టర్ నాబ్ కూడా పెంచేశాడు. నేను చెయ్యి పట్టుకునేలోపే అయిపోయింది. మీటర్ మీద ఎర్ర లైట్లు ఆరకుండా వెలిగాయి. బాక్సులను కాపాడే లిమిటర్ మొత్తం సౌండ్‌ను కిందకు లాగడం మొదలుపెట్టింది. కిక్ పడ్డ ప్రతిసారీ పాడేవాళ్ళ గొంతు మునిగి తేలుతోంది. నేను దించుతున్నాను, అతను మళ్ళీ పెంచుతున్నాడు, నలుగురిలో చెయ్యి చేసుకోలేం కదా. కొన్ని పాటలు అలాగే గడిచాయి. తర్వాత ఎడమ పక్క నుంచి వాసన వచ్చింది. స్పీకర్ లోపలి తీగచుట్ట, వాయిస్ కాయిల్, మీది వార్నిష్ కాలిన వాసన. ఇక్కడున్న సౌండ్ వాళ్ళకు తెలుసు, ఒకసారి పీల్చినవాళ్ళు మర్చిపోరు.

ఎందుకు కాలింది? ఆంప్లిఫయర్ శక్తికి మించి సిగ్నల్ ఇస్తే అల పైభాగం, కిందిభాగం కోసేసినట్టు బల్లపరుపు అవుతుంది. అప్పుడు కాయిల్‌కు సగటున వెళ్ళే పవర్ పెరుగుతుంది, వేడి దిగే వ్యవధి దొరకదు. చప్పుడు పెద్దగా పెరగదు. వేడి మాత్రం పెరుగుతుంది. బేస్ రావట్లేదని పెంచినవాడికి ఆఖరికి దక్కింది తక్కువ బేసే.

రెండు బాక్సులు పోయాయి. ఆ మనిషి లెక్క తేల్చేటప్పుడు ఏమన్నాడో తెలుసా? "డీజే ఎక్కువ పెట్టాడు, మాకేం సంబంధం?" అన్నాడు. అన్నకు రావాల్సిన అద్దెలో సగం కోసేశారు. నా డబ్బులు నాకు పూర్తిగా ఇచ్చారు, అదే నాకు మరీ బాధ. నేను ఇస్తానంటే అన్న తీసుకోలేదు. "నువ్వు చేసింది కాదు కదా తమ్ముడూ" అని వ్యాన్ ఎక్కాడు. ఎలక్ట్రానిక్ సామాను దొరికే ఎస్పీ రోడ్డులో కాయిళ్ళు మార్పించుకోవడానికి మళ్ళీ అప్పు చేశాడు.

ఈ ముందు వరసలో ఈవెంట్లు చేసేవాళ్ళు ఉన్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. కాంట్రాక్టులో ఒక్క వాక్యం రాయండి: కన్సోల్ మీద డీజే, సౌండ్ ఇంజినీర్ తప్ప ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు, వేస్తే పోయిన సామానుకు డబ్బులు వాళ్ళవే. ఒక్క వాక్యం. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు కూడా ఆ వాక్యం లేని కాయితం మీద సంతకం పెట్టకండి. కొత్తలో అడగడానికి మొహమాటం ఉంటుంది, తెలుసు. అడగండి.

ఇప్పుడు ఒక ప్రశ్న. కార్యక్రమం అయ్యాక ఇంటికెళ్ళి పడుకుంటే చెవిలో కీచుమని మోగుతుందా? మోగేవాళ్ళు చేతులెత్తండి. మొహమాటం వద్దు. చూశారా, సగానికి పైనే లేచాయి. అది అలసట కాదు, చెవి దెబ్బతింటోందన్న సూచన. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చని అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే పరిశోధన సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్‌లో 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పెట్టిన ప్రమాణం కూడా వేదికల్లో 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదనే చెబుతుంది. ప్రేక్షకుడు కాసేపు ఉండి వెళ్తాడు, మనం రాత్రంతా ఉంటాం. ఇయర్‌ప్లగ్‌లు కొనుక్కోండి. మానిటర్ స్పీకర్ తగ్గించుకోండి. రెండు పాటల బేస్ కలిపి మోగించకపోతే మొత్తం లెవెల్ కూడా దానంతటదే తగ్గుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

చుట్టుపక్కల ఇళ్ళ సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్. పోలీసులు మీటరు పట్టుకొస్తే చాలామంది డీజేలు, "సార్, చూడండి, పెద్దగా లేదు" అని వాదిస్తారు. ఆ మీటరు డీబీఏ అనే కొలతలో చూపిస్తుంది. మన చెవి తీరును అనుసరించి అది కింది శబ్దాలను తగ్గించి లెక్కేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. మీటరులో కనిపించని ఆ బేసే ఎదురింటి గోడలోంచి దూరుతుంది. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, కర్టెన్లు, కిటికీ అద్దాలు దాన్నేం చేస్తాయి? పసిపిల్లను నిద్రపుచ్చుతున్న తల్లి ఫోన్ చేసిందంటే ఆమెకు వినబడింది నిజం. మీటరు చూపించి ఆమెతో వాదించకండి, బేస్ దించండి.

నేను రాసుకొచ్చిన కాయితంలో ఇక్కడ చరిత్ర ఉంది. 1960ల చివర్లో న్యూయార్క్‌లో ఫ్రాన్సిస్ గ్రాసో రెండు రికార్డుల బీట్లు కలిపి వాయించడం దగ్గర్నుంచి, 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ దాకా. టైం లేదు, వదిలేస్తున్నాను. ఒక్క మనిషి పేరు మాత్రం వదలను: చరణ్‌జిత్ సింగ్. 1982లో ముంబైలో రోలాండ్ టీబీ-303 అనే బేస్ యంత్రాన్ని, టీఆర్-808 డ్రమ్ యంత్రాన్ని ముందు పెట్టుకుని రాగాలు రికార్డు చేశాడు. ఆ 303 సరిగ్గా అమ్ముడుపోక కంపెనీ మానేస్తే, తర్వాత షికాగో కుర్రాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో కొని ఆసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టించారు. అంతకు ముందే మన దేశంలో ఒకాయన అదే యంత్రం మీద భైరవ్ రాగం వాయించాడు. ఈ సంగీతం మనది కాదని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

మన పాటల దగ్గరికి వస్తాను. తెలుగు ఫోక్ డీజే రీమిక్సులు ఎక్కడెక్కడి నుంచో డౌన్‌లోడ్ చేస్తాం, బేస్ బూస్టెడ్ అని రాసి ఉంటుంది. శబ్దాన్ని గీతగా చూపించే బొమ్మ, వేవ్‌ఫార్మ్, తెరిచి చూడండి, ఇటుక గోడలా ఉంటుంది. ఎవరో ఇంట్లో కూర్చుని దాన్ని ముందే పిండేశారు. పైగా అందులో డప్పు దెబ్బకు సొంత బేస్ ఉంది, దాని మీద ఇంకో 808 డ్రమ్ బేస్ వేశారు. అంటే మీరు ఒక్క పాట పెట్టినా రెండు బేస్‌లు మోగుతున్నట్టే. అలాంటి ఫైల్‌కు ట్రిమ్ దించండి, బేస్ నాబ్ మధ్యకంటే కాస్త ఎడమకే ఉంచండి. కుదిరితే ఆ ఫైల్ తీసేసి అసలు పాట కొనుక్కుని మీరే ఎడిట్ చేసుకోండి. ఇంకోటి, క్లిక్, అంటే వేగం చెప్పే టిక్‌టిక్, లేకుండా రికార్డయిన జానపదం ఒకే వేగంలో నడవదు. వేగాలు కలిపే సింక్ బటన్‌ను నమ్మి వదిలేస్తే పది బార్లలో కిక్‌లు విడిపోతాయి, ఇందాక చెప్పిన 10 మిల్లీసెకన్లు అక్కడే దాటిపోతాయి. పాటను ముందుకూ వెనక్కూ నెట్టే జాగ్ వీల్ మీద వేలు ఉంచండి. కాసేపు ఉంచండి.

డబ్‌స్టెప్ అనే రకం 140 బీపీఎమ్‌లో ఉంటుంది, డ్రమ్ అండ్ బేస్ అనేది 174 దగ్గర. వేగాలు మారినా నియమం మారదు. 174ను 87గా లెక్కేసుకుని హిప్‌హాప్ పక్కన పెట్టొచ్చు, బేస్ మాత్రం ఒక్కరిదే. శ్రుతులు కలిసే పాటలు జతచేసే కీ మిక్సింగ్ గురించి భోజనాల తర్వాత మాట్లాడదాం. బేస్ మార్చడం రాకుండా కీ నేర్చుకుని లాభం లేదు.

ఇక కన్సోల్ దగ్గరికి నలుగురు నలుగురుగా రండి. రెండు హౌస్ ట్రాకులు పెట్టి ఉంచాను, ఒకటి 124, ఒకటి 126. హై, మిడ్ నాబ్‌లు ముట్టుకోవద్దు, సింక్ ఆపేశాను. ఒక్క బేస్ మార్పు, ముప్ఫై రెండో బీటు తర్వాత. వెనక కూర్చున్న సౌండ్ తమ్ముళ్ళు కూడా ఇటు రండి, ఎర్ర లైట్ వెలిగితే ఆపేసే అధికారం మీదే. ముందుగా ఆ పసుపు చున్నీ అమ్మాయి, నువ్వు రామ్మా.