చిల్లర కరువులో దుకాణదారుల బిళ్ళలు

సభకు నమస్కారం.

మన హైదరాబాదులో కిరాణా కొట్టాయన రూపాయి చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టడం అందరికీ తెలుసు. మర్నాడు ఆ చాక్లెట్‌నే రూపాయి కింద జమ కట్టుకోమంటే ఒప్పుకోడు. నేను చెప్పబోయేది, తిరిగి తీసుకుంటామన్న నమ్మకం మీద చెల్లిన బిళ్ళల గురించి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. ఆ డిసెంబరు చివర్లో న్యూయార్క్ బ్యాంకులు నోట్లకు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. జనం బంగారం దాచారు, వెండి దాచారు, 1862లో డాలరులో నూరో వంతైన సెంటు నాణేలు కూడా దాచేశారు. రొట్టె కొనాలన్నా చిల్లర లేదు. పోస్టల్ స్టాంపులిచ్చి సరిపెట్టుకుంటే అవి జేబులో అతుక్కుపోయేవి. జాన్ గాల్ట్ అనే ఆయన స్టాంపును అభ్రకం రేకు కింద ఇత్తడి బిళ్ళలో బిగించి పేటెంట్ తీసుకున్నాడు.

చివరికి వ్యాపారులే సెంటు సైజులో రాగి, కంచు బిళ్ళలు కొట్టించుకున్నారు. మొత్తం రెండున్నర కోట్లని ఒక అంచనా. చాలావాటి మీద కొట్టు పేరు, ఊరు ఉండేవి. నా దృష్టిలో అసలు విలువ ఆ పేరుదే, లోహానిది కాదు. కొన్నింటి మీద ‘ఒక సెంటు కాదు’ అని ఉండేది. అందులో ‘కాదు’ మాత్రం కంటికి ఆనేది కాదు!

న్యూయార్క్‌లో లిండెన్‌ముల్లర్ అనే సారాకొట్టు యజమాని పది లక్షలకు పైగా బిళ్ళలు వదిలాడంటారు. థర్డ్ అవెన్యూ గుర్రపు ట్రామ్ కంపెనీ టికెట్లకు వాటిని తీసుకుంది. కుప్పలుగా పోగయ్యాక డబ్బిమ్మని వెళ్తే ఆయన ఇవ్వనన్నాడు. కంపెనీ చేయగలిగిందేమీ లేకపోయింది. నమ్మి తీసుకున్నవాడే నష్టపోయాడు. అందుకే 1864లో వచ్చిన నిషేధం న్యాయమేనంటాను. ఏప్రిల్ 22 చట్టం ఒకటి, రెండు సెంట్ల ప్రైవేటు బిళ్ళలను ఆపింది, జూన్ 8 చట్టం మిగతావాటినీ ఆపింది. విశేషమేమిటంటే, ఆ ఏప్రిల్ చట్టంతోనే ప్రభుత్వం కూడా సెంటును ఆ బిళ్ళల్లాగే పలచని కంచుతో కొట్టడం మొదలుపెట్టింది.

యుద్ధం తెచ్చిన కొరత మన దాకా కూడా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండికి కటకట ఏర్పడితే, సొంత సిక్కా, అంటే సొంత నాణెం, ఉన్న నిజాం ప్రభుత్వం 1918లో చట్టం చేసి కాగితం నోట్లు తెచ్చింది. రెండో యుద్ధంలో బ్రిటిష్ ఇండియా 1943 నుంచి నడుమ చిల్లున్న పైసా కొట్టి లోహం ఆదా చేసుకుంది. సైఫాబాద్ టంకశాల మ్యూజియం చూడనివాళ్లు తప్పక చూడండి.

మీ ఇళ్లలో పాత పెట్టెల్లో కొట్టు పేరున్న బిళ్ళ దొరికితే దయచేసి చింతపండుతో తోమకండి. ఎవరి పెట్టెలో, ఏ ఊళ్లో దొరికిందో ముందు రాసి పెట్టండి.