శనివారం సరుకుల ట్రిప్... దారంతా ఆరెంజ్ డబ్బాలే!

హాయ్ అండి, అందరికీ నమస్తే. మేరీలాండ్‌లో ఎండ బాగా కాస్తోంది, ఓవింగ్స్ మిల్స్ నుంచి ఎల్లికాట్ సిటీకి సరుకులకు బయల్దేరాం. స్టీరింగ్ మా ఆయన చేతిలో, కెమెరా నా చేతిలో. నేను నడిపే రోజు వీడియో ఉండదు, అది మా ఇంటి రూలు.

ముందు ఈ కాగితం చూడండి. స్పీడు కెమెరాకి చిక్కినందుకు ఫైన్ టికెట్, నిన్న పోస్టులో వచ్చింది. కారు వెనక నంబర్ ప్లేటు ఫోటో, టైము, స్పీడు అన్నీ ఉన్నాయి. వర్క్ జోన్‌లో, అంటే రోడ్డు పని జరుగుతూ ఆరెంజ్ డబ్బాలు అడ్డంగా పెట్టిన చోట, గంటకు 55 మైళ్లు అని బోర్డు ఉంటే మా కారు 68లో వెళ్లింది. అప్పుడక్కడ పనివాళ్లు కూడా ఉన్నారు కాబట్టి 60 డాలర్లు కాస్తా 120 అయ్యాయి. నడిపింది ఎవరంటారా... నేనే. వీడియో లేకపోయినా ఫోటో మాత్రం వచ్చేసింది!

ఒకప్పుడు ఇక్కడ ఈ కెమెరాకి ఎంత స్పీడులో చిక్కినా 40 డాలర్లే. 2025 జనవరి నుంచి స్పీడును బట్టి రేటు. లిమిట్ కంటే 12 మైళ్లు ఎక్కువైతే 60తో మొదలు, 40 ఎక్కువైతే 500. పనివాళ్లు ఉంటే దానికి డబుల్, అంటే వెయ్యి.

ఇదిగో, ఇప్పుడు మనం 695 మీదకి వచ్చాం. బాల్టిమోర్ చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు. ఎడమ షోల్డర్‌ని, అంటే రోడ్డు అంచున ఖాళీగా వదిలే జాగాని, లేన్‌గా మార్చే పనికి మధ్యలో కాంక్రీటు గోడలు పెట్టారు. ఈ వుడ్‌లాన్ దగ్గరే, 2023 మార్చి 22న, పట్టపగలు రెండు కార్లు 100 మైళ్లకు పైగా స్పీడులో వచ్చాయి. ఒకటి లేన్ మారబోయి రెండోదాన్ని తాకింది. అదుపు తప్పి, పనివాళ్ల బండ్ల కోసం ఆ గోడల మధ్య వదిలిన సందులోంచి లోపలికి దూసుకెళ్లింది. లోపల పని చేస్తున్న ఆరుగురు చనిపోయారు. వారం వారం ఇదే దారిన వెళ్తూ 'గోడ ఉంది కదా, వాళ్లకేం భయం' అనుకునేదాన్ని. ఆ గోడకి ఒక గుమ్మం ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

ఆ తర్వాత వర్క్ జోన్ల భద్రత కోసం వేసిన కమిటీకి అధ్యక్షురాలు అరుణా మిల్లర్ గారు. హైదరాబాద్‌లో పుట్టిన మన మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నర్ తర్వాతి పదవి. రాజకీయాల్లోకి రాకముందు మాంట్‌గోమరీ కౌంటీలో రోడ్ల ఇంజినీరు. ఆవిడ ప్రమాణ స్వీకారం ఫోటోలు మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగాయి, నేనూ పది మందికి పంపాను. ఆవిడ కమిటీ చెప్పిన మాటల్ని మాత్రం ఒక్కరికీ పంపలేదు. కొత్త ఫైన్లకు మూలం ఆ కమిటీయే అని నాకు తెలిసింది ఈ టికెట్ వచ్చాక, నిన్న రాత్రి!

ఇంకోటి కూడా నిన్న రాత్రే తెలిసింది. అమెరికాలో వర్క్ జోన్ యాక్సిడెంట్లలో పోయేది ఎక్కువగా పనివాళ్లు కాదు, బండ్లలో ఉన్న మనలాంటివాళ్లే. ముందు ట్రాఫిక్ ఆగిపోయి ఉంటుంది, వెనకాయన ఫోన్ చూస్తుంటాడు. 55లో వెళ్తుంటే సెకనుకి 80 అడుగులు. 'ఒక్క మెసేజే కదా' అనేలోపు ఎంత దూరం పోతామో లెక్కేసుకోండి. ఊళ్లో లారీ చెడిపోతే వెనక నాలుగు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ పెట్టేవాళ్లు గుర్తుందా? ఇక్కడ ఒక మైలు ముందు నుంచే ఆరెంజ్ బోర్డులు పెడతారు. అయినా చూసేవాడు చూడాలిగా.

పొద్దున మా వీధి చివర కూడా తారు వేస్తున్నారు. డబ్బా పక్కనే కారు ఆగింది కాబట్టి మొదటిసారి సరిగ్గా చూశాను. ఉత్త ప్లాస్టిక్. గాలికి పడిపోకుండా అడుగున నల్ల రబ్బరు రింగు, అంతే. దాని వెనక ఓ అమ్మాయి, మహా అయితే పాతికేళ్లుంటాయి, స్టాప్ పలక పట్టుకుని నిలబడింది. పలక తిప్పే ముందు మా ఆయన కళ్లలోకి చూసింది. ఆయన తల ఊపాకే 'స్లో' వైపు తిప్పింది. మా వెనక కారు దగ్గర కూడా అంతే.

గోంగూర దొరికిందండోయ్, మూడు కట్టలు! తిరిగొస్తూ మళ్లీ ఈ గోడల మధ్య ఉండగా కారుకి కనెక్ట్ అయిన ఆయన ఫోన్ మోగింది. మా అమ్మ. మోగి మోగి ఆగిపోయింది. ఇంటికొచ్చి నేనే చేశాను.

"ఎత్తరేమే? ఎక్కడున్నారు?"

"ఆరెంజ్ డబ్బాల మధ్యలో ఉన్నామమ్మా."

"డబ్బాలా? నూనె డబ్బాలు అన్ని ఎందుకు కొన్నారే!"