ఆర్టెమస్ వార్డ్: ఊరు ఎన్నుకున్న సేనాధిపతి

అందరికీ నమస్కారం.

అమెరికా విప్లవ సేనాధిపతి అనగానే వాషింగ్టన్ పేరే నోటికొస్తుంది. ఆయన బోస్టన్ దగ్గరికి చేరేసరికి, అక్కడి బ్రిటిష్ సేనను వలసప్రజలు ముట్టడించి పది వారాలు దాటింది. ఆ పది వారాలూ సేనను చెదిరిపోకుండా నిలబెట్టిన మనిషి ఆర్టెమస్ వార్డ్. ఊరు మసాచుసెట్స్‌లోని షూజ్‌బరీ. హార్వర్డ్‌లో చదువు ముగించాక ఊళ్లో దుకాణం పెట్టారు, న్యాయాధికారి అయ్యారు, శాసనసభకు ఎన్నికయ్యారు, మిలీషియాలో కల్నల్ అయ్యారు. సభకు ఎవరిని పంపాలో, తుపాకి పట్టినప్పుడు ఎవరి వెనక నడవాలో తేల్చింది అక్కడ ఒకే జనం. ఆయన బలమూ అదే, ఆయన కష్టాలన్నిటికీ మూలమూ అదే.

మిలీషియా అంటే జీతానికి పనిచేసే సైన్యం కాదు. 16 ఏళ్ల నుంచి 60 ఏళ్ల దాకా మగవాళ్లు సొంత తుపాకితో ఏడాదికి కొన్ని రోజులు కవాతుకు రావాలి. అధికారుల నియామక పత్రం మాత్రం బ్రిటిష్ రాజు నియమించిన గవర్నర్ చేతిలో ఉండేది. వార్డ్ సభలో తనకు ఎదురు నిలుస్తున్నారని 1766లో గవర్నర్ బెర్నార్డ్ ఆయన కల్నల్ పదవిని రద్దు చేశారు. 1768లో సభ ఆయన్ని గవర్నర్ సలహామండలికి ఎన్నుకుంటే, ఆ ఎన్నికనూ కొట్టేశారు.

1774 అక్టోబరులో ప్రజలే ఏర్పాటు చేసుకున్న ప్రొవిన్షియల్ కాంగ్రెస్ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఇకపై కంపెనీ అనే చిన్న దళంలోని జవాన్లే తమ కెప్టెన్‌ను ఎన్నుకుంటారు. అలా ఎన్నికైన అధికారులు కలిసి, కొన్ని కంపెనీలతో ఏర్పడే రెజిమెంటు అధికారులను ఎన్నుకుంటారు. బలగంలో నాలుగో వంతు మంది పిలుపు రాగానే కదలాలి. వార్డ్ పాత రెజిమెంటు ఆయన్నే మళ్లీ ఎన్నుకుంది.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్‌ల దగ్గర బ్రిటిష్ సేనకూ మిలీషియాకూ మధ్య కాల్పులు జరిగినప్పుడు వార్డ్ జబ్బుపడి మంచంలో ఉన్నారు. మర్నాడు గుర్రమెక్కి బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్ చేరారు. వేల మంది పోగయ్యారు గానీ వాళ్లు వచ్చింది కట్టుబట్టలతో, ఒకటి రెండు రోజుల తిండితో. పైగా అది దుక్కుల కాలం. ఎవరికీ ఇన్నాళ్లు ఉండాలన్న ఒప్పందం లేదు. అందుకే ఎవరికి తోచినప్పుడు వాళ్లు ఇంటిదారి పట్టారు. వెంటనే భర్తీ ఉత్తర్వులు ఇవ్వకపోతే ఇక్కడ ఒంటరిగా మిగులుతానని వార్డ్ కాంగ్రెస్‌కు రాశారు. సభలు ఎలా నడుస్తాయో తెలిసిన మనిషి కనుక, ఆజ్ఞలతో జనం ఆగరని, చేతిలో కాగితం, జీతం, గడువు ఉంటేనే ఆగుతారని ఆయనకు తెలుసు.

కాంగ్రెస్ 13,600 మందిని డిసెంబరు ఆఖరు వరకు భర్తీ చేయాలని తీర్మానించింది. కంపెనీకి 59 మంది, రెజిమెంటుకు పది కంపెనీలు. తగినంత మందిని కూడగట్టినవాడికే అధికారి పదవి. సేన త్వరగా తయారవడానికి ఇది పనికొచ్చింది. కానీ నాయకులు ఒకే ఊళ్లో ఒకే మనుషుల కోసం పోటీ పడ్డారు. తనను నమ్మి వచ్చిన పొరుగువాడిని శిక్షించాలంటే అధికారికి చెయ్యి రాలేదు. రెజిమెంట్ల మధ్య హోదా తేలక, ఎవరి మాట ఎవరు వినాలో తెలియని స్థితి ఉండేది.

ఆ లోపాలన్నీ జూన్ 17న బంకర్ హిల్ పోరులో బయటపడ్డాయి. కేంబ్రిడ్జ్ మీదే దాడి వస్తుందేమోనని వార్డ్ సాయం పంపడంలో తటపటాయించారు. పంపినవాళ్లలో కొందరు ఓడల ఫిరంగుల దెబ్బకు కొండవైపు దారి తీసే సన్నటి భూసంధి దగ్గరే ఆగిపోయారు. ఒక ఫిరంగి దళానికి ఇచ్చిన మందు పొట్లాలు ఫిరంగి గొట్టంలో పట్టలేదు. కొండమీద తుపాకి మందు అయిపోయింది. అయినా బ్రిటిష్ వైపు వెయ్యిమందికి పైగా చనిపోవడమో గాయపడడమో జరిగింది. సరిగ్గా అదే రోజున ఫిలడెల్ఫియాలో కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే వలసలన్నిటి ఉమ్మడి సభ, వార్డ్‌ను వాషింగ్టన్ తర్వాతి స్థానంలో మేజర్ జనరల్‌గా నియమించింది.

తుపాకి మందు విషయంలో జరిగిన పొరపాటు గురించి కొంచెం చెప్పాలి. 300 పైచిలుకు పీపాలున్నాయని వాషింగ్టన్‌కు లెక్క ఇచ్చారు. ఆగస్టులో చూస్తే మసాచుసెట్స్ నిల్వలో ఉన్నవి దాదాపు 36. ఎవరూ దొంగిలించలేదు. సరఫరా కమిటీ మొదటినుంచి సేకరించినదంతా కూడి రాసింది, ఖర్చయింది తీసేయలేదు. సైనిక లెక్కలో నిల్వ వేరు, రాబడి వేరు అని ఆ పౌరులకు తెలియదు. మనిషికి సుమారు తొమ్మిది తూటాలే మిగిలాయి.

బోస్టన్‌కు ఎదురుగా ఉన్న డార్చెస్టర్ కొండలకు వచ్చేసరికి మాత్రం అదే జనం చేసిన పని చూస్తే గర్వం కలుగుతుంది. అది ముట్టడి సేనలో వార్డ్ అధీనంలో ఉన్న కుడివైపు భాగం. 1776 మార్చి 4 రాత్రి నేల అడుగున్నర లోతు గడ్డకట్టి ఉంది, కందకం తవ్వడం అసాధ్యం. అందుకని ముందే చేసి ఉంచిన కొయ్య చట్రాలను ఎద్దుబళ్లమీద తెచ్చి, వాటిలో కట్టెల మోపులు, గడ్డి కట్టలు పేర్చారు. 1,200 మంది పనిచేస్తే 800 మంది కాపలా కాశారు. తెల్లారేసరికి కోట నిలిచింది. 17న బ్రిటిష్ సేన బోస్టన్ ఖాళీ చేసింది.

ఆరోగ్యం దెబ్బతిని వార్డ్ సైన్యం వదిలారు. తర్వాత కాంటినెంటల్ కాంగ్రెస్‌లో కూర్చున్నారు, 1785లో రాష్ట్ర శాసనసభ స్పీకర్ అయ్యారు, 1791 నుంచి 1795 దాకా అమెరికా ప్రతినిధుల సభలో ఉన్నారు. ఈ మధ్యలో జరిగిన ఒక ఘటన ఉంది.

1786 సెప్టెంబరు 5. వూస్టర్ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి వార్డ్. అప్పులు, పన్నులతో భూములు పోతున్న రైతులు కోర్టును జరగనిచ్చేది లేదని బాయొనెట్లతో (తుపాకి కొసన బిగించే కత్తులతో) మెట్లమీద నిలబడ్డారు. వాళ్లలో విప్లవ యుద్ధం చేసిన మాజీ సైనికులున్నారు. వార్డ్ వెనక్కి తగ్గలేదు, మొనలు చొక్కాకు తగిలేంత దగ్గరగా వెళ్లి, దాదాపు రెండు గంటలు మాట్లాడారు. రక్షణకు మిలీషియాను పిలిస్తే వాళ్లు ఆ రైతుల మీదికి వెళ్లలేదు. కోర్టు వాయిదా పడింది.