ఫొటో కోసం ముప్పై సెకన్లు

శ్రోతలకు నమస్కారం.

గాలం వేసి చేపను పట్టి, ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకునేవాళ్ళ గురించి కాదు ఈ పూట నా మాటలు. వాళ్ళతో నాకు పేచీ లేదు. పులుసుతో అసలే లేదు. చేపను పట్టి, ముచ్చటగా చూసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాళ్ళు ఉన్నారే, వాళ్ళతో నాకు కాస్త పని ఉంది.

మన దగ్గర ఇది కొత్త సరదా. ఆదివారం తెల్లారేసరికి బైకుకు రాడ్డు కట్టుకుని చెరువుగట్టు చేరే కుర్రాళ్ళు ఇప్పుడు అక్కడక్కడా కనబడుతున్నారు. "తినడానికి కాదండీ, వదిలేస్తాం" అంటారు. మంచిదే. అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే చాలాసార్లు ఇది సరదా కాదు, చట్టం. టెక్సస్‌లో చాలాచోట్ల లార్జ్‌మౌత్ బాస్ అనే చేప 14 అంగుళాల కంటే పొట్టిగా ఉంటే నీళ్ళలోకి వదలాల్సిందే.

వదిలేశాం. తోక ఆడించుకుంటూ వెళ్ళిపోయింది. కాబట్టి బతికిపోయింది. ఇదీ అందరి లెక్క. ఈ లెక్కలోనే తేడా ఉంది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి చెబుతాను. 1992లో కెనడా శాస్త్రవేత్తలు ఫెర్గూసన్, టఫ్ట్స్ ప్రచురించారు. రెయిన్‌బో ట్రౌట్ అనే చేపల మీద చేశారు. కొన్ని చేపల జోలికి వెళ్ళలేదు, వాటిని అలాగే ఉంచారు. కొన్నిటిని నీళ్ళలోనే అలిసిపోయేదాకా పరిగెత్తించారు. అంటే గాలానికి చిక్కిన చేప పెనుగులాడి పెనుగులాడి ఎలా నీరసపడుతుందో, ఆ స్థితికి తెచ్చారు. ఇంకొన్నిటిని అలాగే అలసిపోయేలా చేసి, ఆపైన ముప్పై సెకన్లు గాలిలో ఉంచారు. చివరి జట్టును అరవై సెకన్లు ఉంచారు. తర్వాత అన్నిటినీ నీళ్ళలోనే ఉంచి పన్నెండు గంటలు గమనించారు.

జోలికి వెళ్ళని చేపలు అన్నీ బతికాయి. అలసిపోయినవాటిలో వందకు 88 బతికాయి. ముప్పై సెకన్లు గాలిలో ఉన్నవాటిలో వందకు 62. ఒక్క నిమిషం గాలిలో ఉన్నవాటిలో? వందకు 28.

మళ్ళీ చెబుతాను, ఎందుకంటే రేడియోలో వెనక్కి తిప్పి వినే వీలు లేదు. గాలి తగలకపోతే 88. అర నిమిషం తగిలితే 62. నిమిషం తగిలితే 28.

ట్రౌట్ చల్లటి నీళ్ళ చేప, సుకుమారం. తర్వాత వేరే చేపల మీద చేసిన చాలా పరీక్షల్లో ఇంత ఘోరమైన ఫలితాలు రాలేదు. మన కావేరిలో ఉండే మహశీర్ మీద కూడా చూశారు, అది బాగానే తట్టుకుంటుంది. కాబట్టి ఈ అంకెలను తీసుకెళ్ళి ప్రతి చేపకూ అంటగట్టకండి. నాకు ముఖ్యమనిపించింది అంకెలు కాదు, ఆ పన్నెండు గంటలు. చేప మన ముందు చావదు. మన ముందు తోక ఆడిస్తుంది, మలుపు తిరుగుతుంది, కనబడకుండా పోతుంది. మనం ఇంటికి వెళ్ళి స్టేటస్ పెట్టుకుంటాం. ఆ తర్వాత ఏమైందో చూడటానికి గట్టు మీద ఎవరూ ఉండరు.

గాలి ఎందుకంత చేటు చేస్తుంది? చేప మొప్పల లోపల సన్నటి పొరలు వరసగా ఉంటాయి. నీళ్ళలో ఉన్నంతసేపూ అవి విడివిడిగా తేలుతూ ఆక్సిజన్ లాక్కుంటాయి. రంగుల కుంచెను నీళ్ళలోంచి పైకి తీస్తే వెంట్రుకలన్నీ ఎలా అతుక్కుపోతాయో, బయటికి తీయగానే ఆ పొరలూ అలాగే అతుక్కుపోతాయి. చుట్టూ బోలెడంత గాలి ఉన్నా అందదు. అదీ ఎప్పుడు? పెనుగులాడి, ఒంట్లో శక్తి అంతా ఖర్చయిపోయి, ఊపిరి అన్నిటికంటే ఎక్కువ కావాల్సిన సమయంలో.

ఇక్కడ మనకు, అంటే తెలుగువాళ్ళకు, ఒక అపోహ ఉంది. దానికి కారణం కొరమీను. తెలంగాణలో కొర్రమట్ట అంటారు, వాళ్ళ రాష్ట్ర చేప కూడాను. బజారులో తట్టలో, రెండు వేళ్ళ లోతు నీళ్ళలో, ఎంతసేపైనా కదులుతూనే ఉంటుంది. ప్రాణంతో ఉందని చూపించి మరీ ఎక్కువ ధరకు అమ్ముతారు. దానికి తల దగ్గర గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర ఉంది. మార్పు చేపకూ గాలి పీల్చే ఏర్పాటు ఉంది. వీటిని చూసీ చూసీ మన కళ్ళకు అలవాటైపోయింది, చేప అంటే బయట కాసేపు ఉండగలదని. బొచ్చె ఉండలేదు. శీలావతి ఉండలేదు. కొరమీనును చూసి బొచ్చెను పట్టుకోకూడదు.

సరే, ఇంతకీ ఆ ముప్పై సెకన్లు ఎక్కడ ఖర్చవుతున్నాయి? గాలం ఊడదీయడంలో కొంత. మిగతాదంతా ఫొటోలో. "ఒరేయ్, కొంచెం పైకెత్తు. ఎండ పడటం లేదు, ఇటు తిరుగు. నవ్వరా. ఆగు, ఫోను లాక్ అయింది." అయిపోయింది, నిమిషం.

పూర్వం రుజువు కావాలంటే చేపను చంపేవారు. 1946లో మైసూరు వాన్ ఇంజెన్ కుటుంబంలో ఒకాయన కావేరి ఉపనది కబినిలో 120 పౌండ్ల మహశీర్‌ను గాలంతో పట్టాడు. దగ్గర దగ్గర 54 కిలోలు. ఆ కుటుంబం వృత్తేమో పులులనూ చిరుతలనూ గోడకు తగిలించేలా చర్మం తీసి నిలబెట్టడం! తర్వాతి కాలంలో అదే కావేరి మీద, చేపలు పట్టేవాళ్ళ కోసం పెట్టిన భీమేశ్వరి, గాలిబోరె క్యాంపుల్లో, రాగిముద్ద ఎరగా వేసి మహశీర్‌ను పట్టినవాళ్ళు దాన్ని ప్రాణంతో వదిలేయాలన్న నియమం వచ్చింది. అక్కడి మూపురం మహశీర్ ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉన్న జాతుల జాబితాలో ఉంది. రుజువు గోడ మీది నుంచి ఫోనులోకి మారింది. చాలా మంచి మార్పు. కానీ రుజువు కోసమే చేప చచ్చిపోతే ఇక మారిందేమిటి?

అందుకని ఈ పూట ఒకే ఒక్క పని అడుగుతున్నాను. చేపను ఎత్తేముందు మీ ఊపిరి బిగబట్టండి. మీరు ఊపిరి వదిలేలోపు అది నీళ్ళలో ఉండాలి. పది సెకన్లు చాలు. పది సెకన్లంటే ఎంతో ఇప్పుడే చూద్దాం, నాతో పాటు లెక్కపెట్టండి. ఒకటి... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఏడు... ఎనిమిది... తొమ్మిది... పది. చూశారా, ఎంత సేపో! ఫొటో తీసేవాడు ముందే సిద్ధంగా ఉంటే ఇందులో రెండు ఫొటోలు వస్తాయి. అసలు చేపను ఎత్తకుండా, సగం నీళ్ళలోనే ఉంచి తీస్తే ఇంకా బాగా వస్తుందని నా అభిప్రాయం. తడి పొలుసుల మీద వెలుగు బాగా పడుతుంది.

ఆ పది సెకన్లు కలిసిరావాలంటే గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ఇంట్లోనే కటింగ్ ప్లయర్‌తో నొక్కేసుకోండి. అప్పుడు గాలం సులువుగా జారి వస్తుంది. చేపను ముట్టుకునే ముందు చేతులు తడుపుకోండి. తడి చెయ్యి, పొడి గుడ్డ కాదు. దాని ఒంటి మీది జిగురే దానికి రక్షణ, పొడి చెయ్యి ఆ జిగురును తుడిచేస్తుంది. మొప్పల్లోకి వేళ్ళు పెట్టి వేలాడదీయకండి. గాలం గొంతులోకి మింగేసిందా? లాగొద్దు. తాడు నోటి దగ్గర కత్తిరించి వదిలేయండి. లాగి లోపల చించిన చేప కంటే ఆ ముక్కతో వదిలేసిన చేపే ఎక్కువగా బతుకుతుంది.

ఎండాకాలం మాట కూడా చెప్పాలి. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం చెరువులో చేపకు ఊరికే ఉండటమే కష్టం. అప్పుడు పెనుగులాడించి వదలడం కంటే ఆ పూట ఇంట్లో పడుకోవడం నయం.

"అసలు వదిలేసేదానికి పట్టడం ఎందుకు?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో వదిలేసే ఉద్దేశంతోనే చేపను పట్టడాన్ని చట్టం ఒప్పుకోదు. నేను అంత దూరం వెళ్ళను. నీటి ఒడ్డున గంటలు గంటలు కూర్చునేవాడికే చెరువు మురికి ముందు కనబడుతుంది, చెరువు కోసం గొంతెత్తేదీ వాడే. కానీ ఆ ప్రశ్న అడిగినవాళ్ళను ఎగతాళి చేయడం మాత్రం నాకు నచ్చదు.

ఇంకో నిమిషం ఉంది, ఒక మినహాయింపు చెప్పేస్తాను. ఈ జాగ్రత్తలన్నీ మన నీళ్ళ చేపలకే. ఒళ్ళంతా గట్టి పలకలతో, నల్లటి మచ్చలతో ఒకటి చిక్కుతుంది, దెయ్యం చేప అంటున్నారు. దక్షిణ అమెరికాది, అక్వేరియంలలోంచి బయటపడి కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల దాకా వచ్చేసింది. పెంపకం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మరొకటి. ఈ రెండూ చిక్కితే జాలిపడి వదలకండి. ఆ చెరువులోకీ వద్దు, పక్క చెరువులోకీ వద్దు. మత్స్యశాఖ వాళ్ళకు కబురు చెప్పండి.

సెలవు. నమస్కారం.