సీఎస్ఎస్ మౌనం

అందరికీ నమస్కారం.

వెబ్ పేజీ రూపురేఖలు నిర్ణయించే భాష సీఎస్ఎస్ గురించి మాట్లాడతాను. ఒక పాపప్ సంగతితో మొదలుపెడతాను. పేజీ మీద తేలాల్సిన ఆ పాపప్ హెడర్ కిందికి దూరింది. ఏది పైన ఉండాలో చెప్పే జెడ్-ఇండెక్స్ 10 ఇచ్చాను. 999 ఇచ్చాను. 99999 కూడా ఇచ్చాను. ఉన్నచోటే ఉంది. సాయంత్రానికి దొరికింది కారణం: దాన్ని చుట్టి ఉన్న డబ్బాల్లో నాలుగు మెట్లు పైనున్న ఒక డివ్‌కి యానిమేషన్ కోసం, జరపడం తిప్పడం చేసే ట్రాన్స్‌ఫార్మ్ పెట్టి ఉంది. ట్రాన్స్‌ఫార్మ్ ఉన్న ఎలిమెంట్ తన లోపలివాటికి విడిగా ఒక స్టాకింగ్ కాంటెక్స్ట్ కడుతుంది, అంటే ఏది పైన ఏది కింద అన్న లెక్క లోపలే తేలే ఒక గది. ఆ గదిలో ఎంత ఎగిరినా పైకప్పు దాటలేం. ఒపాసిటీని 1 కంటే తగ్గించి కాస్త పారదర్శకం చేసినా అంతే.

ఆ రూల్ మీద నాకు కోపం లేదు. అంతసేపూ బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఒక్క ఎర్ర లైనైనా రాలేదు, నా బాధ అది. జావాస్క్రిప్ట్ ఆగిపోతే లైన్ నంబరుతో సహా చెబుతుంది. సీఎస్ఎస్ నోరు విప్పదు.

ఈ మౌనం కావాలని పెట్టిందే. హోకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించి, బెర్ట్ బాస్‌తో కలిసి తీర్చిదిద్దిన ఈ భాష 1996 డిసెంబరులో, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణమైంది. తెలియని ప్రాపర్టీ ఎదురైతే బ్రౌజర్ దాన్ని వదిలేసి ముందుకు సాగాలన్నది నియమం. కొత్త ఫీచర్లు వాడిన పేజీ పాత బ్రౌజర్‌లో కూడా ఎంతోకొంత తెరుచుకుంటోందంటే ఆ నియమం చలవే. స్పెల్లింగ్ తప్పైతే బ్రౌజర్లోని పరీక్షా పరికరం డెవ్‌టూల్స్ ఆ లైన్ కొట్టేసి చూపిస్తుంది, నిజమే. నా 99999లో తప్పేమీ లేదు మరి! దాని మీద గీత ఎందుకు పడుతుంది?

కారణం కనబడనప్పుడు చెయ్యి, మిగతా రూల్స్ని తోసిరాజనే ఇంపార్టెంట్ అన్న మాట మీదికి పోతుంది. ఒకటి పెడితే దాన్ని ఓడించడానికి ఇంకొకటి. ఇది నన్ను నిజంగా నొప్పిస్తుంది. 1998 నాటి సీఎస్ఎస్2లో, పాఠకుడు తన బ్రౌజర్‌కి ఇచ్చుకున్న సొంత స్టైల్‌షీట్‌లో పెట్టుకున్న ఇంపార్టెంట్ పేజీ రాసే మన ఇంపార్టెంట్‌ని మించేలా మార్చారు. చూపు ఆననివాళ్లు పెద్ద అక్షరాలు, తమకు సరిపడే రంగులు పెట్టుకోగలగాలని. వాళ్ల కోసం బలపరిచిన మాటని మనం మార్జిన్ తగాదాలకి ఖర్చుచేస్తున్నాం. ఆ తగాదా తీర్చడానికి 2022 నుంచి లేయర్లు, అంటే రూల్స్ని విడగొట్టే పొరలు, అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ ఉన్నాయి. ఎలిమెంట్‌ని పిలిచే పేర్లలో ఐడీ బలమా, క్లాస్ బలమా అన్న లెక్క లేకుండా ఏ లేయర్ నెగ్గాలో మనమే వరుస చెప్పొచ్చు. పాత ప్రాజెక్టుల్లోకి తేవడానికి ఓపిక కావాలి, అంతే.

పేజీని అడ్డం నిలువు గళ్లుగా అమర్చే గ్రిడ్ 2017లో వచ్చింది, లోపల ఏముందో చూసి ఎలిమెంట్‌ని ఎంచే హ్యాజ్ సెలెక్టర్ 2023 చివరికి అన్ని ప్రధాన బ్రౌజర్లకీ అందింది. భాష బాగా ఎదిగింది. ఈ భాషని తీర్చిదిద్దే సీఎస్ఎస్ వర్కింగ్ గ్రూప్ తన డిజైన్ పొరపాట్లను తనే ఒక జాబితాగా రాసి పెట్టుకుంది. డబ్బా కొలత ఎలా లెక్కించాలో చెప్పే బాక్స్-సైజింగ్ మొదటి నుంచీ, అంచునీ కలిపి లెక్కించే బోర్డర్-బాక్స్ అయి ఉండాల్సిందని అందులో ఒప్పుకుంది. ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం.

ఇక బ్రౌజర్లు తయారుచేసేవాళ్లని నేను అడిగేది ఒక్కటే. జెడ్-ఇండెక్స్ ఇచ్చినా ఎలిమెంట్ పైకి రానప్పుడు, దాన్ని పట్టి ఆపుతున్న ఆ పై డివ్ ఏదో ఇన్‌స్పెక్టర్‌లో ఆ లైన్ పక్కనే చూపించండి.