సోరియాసిస్‌కు స్టెరాయిడ్ పూత: ఎంత, ఎక్కడ, ఎప్పటి వరకు

సమన్వయకర్త: శ్రోతలకు నమస్కారం. సోరియాసిస్ మచ్చలపై పూసే స్టెరాయిడ్ మందుల గురించి ఈ భాగంలో చర్మవ్యాధి నిపుణురాలితో మాట్లాడుతున్నాం. డాక్టర్ గారూ, స్టెరాయిడ్ అన్న మాట వినగానే కొందరు భయపడి ట్యూబు మూత కూడా తీయరు. ఇంకొందరు ఒకసారి గుణం కనిపించిందని ఏళ్ల తరబడి అదే మందు పూస్తూ ఉంటారు. మీరు ఎవరిని ఎక్కువగా చూస్తుంటారు?

డాక్టర్: నమస్కారం. ఇద్దరినీ చూస్తాను, చాలాసార్లు ఆ ఇద్దరూ ఒకరే. మొదట భయంతో చాలీచాలకుండా పూస్తారు, మచ్చ తగ్గదు. ఆ తర్వాత విసిగిపోయి మరింత తీవ్రమైన మందు తెచ్చుకుంటారు, అది పనిచేయగానే మళ్లీ ఎక్కడ తిరగబెడుతుందోనని ఆపలేకపోతారు. ఎలా పూయాలని అందరూ అడుగుతారు గానీ, ఎప్పుడు ఆపాలని అడిగేవారు తక్కువ. ఆ ప్రశ్నకు జవాబు తెలియకుండా తీవ్రమైన స్టెరాయిడ్ ట్యూబు ఏదీ మొదలుపెట్టకూడదు.

సమన్వయకర్త: ఆపే సంగతికి వచ్చేముందు, ఈ మందు చర్మంలో చేసే పనేమిటో చెప్పండి. క్రీడాకారులు కండల కోసం దొంగచాటుగా వాడే స్టెరాయిడ్లూ ఇవీ ఒకటేనా?

డాక్టర్: కాదు, అవి పూర్తిగా వేరు. ఇవి మన అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ హార్మోన్ కోవకు చెందినవి. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి చర్మంలో వాపు పుట్టిస్తుంది. మామూలుగా పైపొర కణం అడుగున పుట్టి, పైకి చేరి, రాలిపోవడానికి ఇంచుమించు ఒక నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో అదంతా కొద్ది రోజుల్లోనే జరిగిపోవడం వల్ల పొలుసులు పేరుకుపోయి చర్మం దళసరిగా మారుతుంది. ఇది అంటువ్యాధి కాదని కూడా ఇక్కడే చెప్పాలి. స్టెరాయిడ్ ఆ వాపును అణచివేస్తుంది, రక్తనాళాలను కుదిస్తుంది, కణాల విభజనను నెమ్మదింపజేస్తుంది. దళసరి మచ్చను పలచబరిచే ఆ గుణమే, మచ్చ పోయిన తర్వాత కూడా పూస్తూ ఉంటే, మామూలు చర్మాన్నీ పలచబరుస్తుంది. మేలూ కీడూ రెండూ మందుకున్న ఒకే శక్తి నుంచి వస్తున్నాయి కనుకనే కొలత, చోటు, గడువు ముఖ్యమవుతున్నాయి.

సమన్వయకర్త: ట్యూబుపై ముద్రించిన శాతాన్ని బట్టి మందు తీవ్రతను అంచనా వేయవచ్చా?

డాక్టర్: వేయకూడదు, చాలామంది మోసపోయేది అక్కడే. హైడ్రోకార్టిసోన్ ట్యూబుపై 1 శాతం అని, క్లోబెటసాల్ ట్యూబుపై 0.05 శాతం అని ఉంటుంది. అంకెలను మాత్రమే చూసినవారికి మొదటిదే తీవ్రమైనదనిపిస్తుంది, నిజానికి అది అన్నిటికంటే తేలికపాటి వర్గానికీ, క్లోబెటసాల్ అన్నిటికంటే తీవ్రమైన వర్గానికీ చెందుతాయి. 1952లో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్ పూత చర్మవ్యాధులకు పనిచేస్తుందని చూపించిన తర్వాత, దానికంటే ఎన్నో రెట్లు బలమైన మందులు వరుసగా వచ్చాయి. మందు పూసిన చోట రక్తనాళాలు కుదించుకుపోయి చర్మం ఎంత పాలిపోతుందో గమనించి వాటి బలాన్ని పోల్చే పద్ధతి 1962లో వచ్చింది. ఇప్పుడు అమెరికాలో ఈ మందులను 7 తరగతులుగా, బ్రిటన్‌లో 4 తరగతులుగా విభజిస్తున్నారు. ఒకే మందును ఆయింట్‌మెంట్‌గా చేసినప్పుడూ క్రీముగా చేసినప్పుడూ బలం మారవచ్చు. పొడిబారి దళసరిగా ఉన్న మచ్చకు ఆయింట్‌మెంట్ బాగా పనిచేస్తుంది, తలకు జిడ్డు లేని లోషను, నురుగు వంటివి అనువుగా ఉంటాయి. క్లోబెటసాల్ షాంపూనైతే పొడిగా ఉన్న మాడుకు పట్టించి 15 నిమిషాల తర్వాత కడిగేయాలి, మామూలు షాంపూలాగా తడి తలకు రుద్ది వెంటనే కడిగేస్తే ప్రయోజనం ఉండదు.

సమన్వయకర్త: మోచేతికి రాసిచ్చిన ట్యూబునే ముఖానికీ పూసుకునేవారు ఉంటారు కదా?

డాక్టర్: ఉంటారు, అది ప్రమాదకరమైన అలవాటు. ఫెల్డ్‌మన్, మైబాక్ అనే శాస్త్రవేత్తలు 1967లో శరీరంలోని వేర్వేరు చోట్ల హైడ్రోకార్టిసోన్ ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేతి లోపలి వైపు ఇంకిన మోతాదును 1 అనుకుంటే, నుదుటి మీద అది 6 రెట్లు, దవడ దగ్గర 13 రెట్లు, వృషణాల చర్మం మీద 42 రెట్లు ఉంది. అరికాలిలో ఏడో వంతు మాత్రమే ఇంకింది. అందుకే మోచేతులు, మోకాళ్లు, అరికాళ్ల మీద దళసరి మచ్చలకు తీవ్రమైన మందు రాస్తాం. ముఖానికీ, చంకలకూ, గజ్జలకూ, రొమ్ముల కింది మడతలకూ తేలికపాటిది, అదీ కొద్ది రోజులకే రాస్తాం. మడతల్లో చర్మానికి చర్మం ఆనుకుని ఉండటం వల్ల కట్టు కట్టినట్టే అయి మందు మరింతగా లోపలికి వెళ్తుంది. కనురెప్పల మీద దీర్ఘకాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరగడానికీ, శుక్లాలు రావడానికీ అవకాశముంది. ముఖానికీ మడతలకూ టాక్రోలిమస్ వంటి స్టెరాయిడ్ కాని పూతలు కూడా ఉన్నాయి, దీర్ఘకాలం అవసరమయ్యే చోట నేను వాటివైపే మొగ్గుతాను.

సమన్వయకర్త: "పలచగా పూయండి" అని ట్యూబుల మీద రాసి ఉంటుంది. పలచగా అంటే ఎంత?

డాక్టర్: ఆ సూచన భయపడేవారిని మరింత భయపెట్టిందని నా అభిప్రాయం. దానికంటే వేలికొన కొలత మేలు. పెద్దవారి చూపుడు వేలి కొన నుంచి మొదటి గీత వరకు, 5 మిల్లీమీటర్ల మూతి ఉన్న ట్యూబు నుంచి ఒక తీగలా పిండితే వచ్చే మందు సుమారు అర గ్రాము. అది, వేళ్లతో సహా, పెద్దవారి రెండు అరచేతులంత విస్తీర్ణానికి సరిపోతుంది. రెండు మోచేతుల మీద ఒక్కొక్క అరచేతి మేర మచ్చ ఉందనుకోండి. రోజుకు ఒకసారి పూస్తే అర గ్రాము, నాలుగు వారాలకు 14 గ్రాములు అవుతుంది. ఆ మచ్చలకే 30 గ్రాముల ట్యూబు రెండు వారాల్లో అయిపోతే అవసరానికి మించి పూస్తున్నట్టు, ఏడాదైనా సగం మిగిలితే చాలీచాలకుండా పూస్తున్నట్టు. పిల్లలకు పూసేటప్పుడూ కొలత పెద్దవారి వేలితోనే, అయితే పిల్లల్లో శరీరం బరువుతో పోలిస్తే చర్మపు విస్తీర్ణం ఎక్కువ కనుక మందు రక్తంలోకి చేరే ప్రమాదమూ ఎక్కువ. వారికి తీవ్రమైన మందును వైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడనే కూడదు. గర్భిణులు కూడా తమ పరిస్థితిని ముందే చెప్పి, సాధ్యమైనంత తేలికపాటి మందునే అడిగి వాడాలి.

మందును మచ్చ మీదే పూయాలి, చుట్టూ ఉన్న మంచి చర్మానికి పాకించకూడదు. రోజుకు ఒకసారి లేదా రెండుసార్లు చాలు, మూడోసారి పూస్తే గుణం పెరగదు. తేమనిచ్చే క్రీముకూ దీనికీ మధ్య కనీసం అరగంట ఎడం ఉంచాలి, లేకపోతే ఒకటి రెండోదాన్ని పలచన చేస్తుంది. వైద్యులు చెప్పకుండా ప్లాస్టిక్ పొర చుట్టకూడదు. పూసిన తర్వాత చేతులు కడుక్కోవాలి, చేతులకే వైద్యం జరుగుతుంటే మాత్రం కడగకూడదు.

సమన్వయకర్త: ఇప్పుడు మీరు మొదట్లో ప్రస్తావించిన ప్రశ్న. ఎప్పుడు ఆపాలి?

డాక్టర్: గడువు రెండు రకాలు. ఒకటి క్యాలెండరు చెప్పేది. క్లోబెటసాల్ వంటి అతి తీవ్రమైన మందును వరుసగా రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడవద్దని అమెరికాలో మందు వెంట ఇచ్చే సూచనలు చెబుతాయి. బ్రిటన్ మార్గదర్శకాలు అతి తీవ్రమైనవాటికి ఒకే చోట నాలుగు వారాలు, బీటామెథసోన్ వాలరేట్ వంటి తీవ్రమైనవాటికి ఎనిమిది వారాలు గరిష్ఠ పరిమితిగా పెట్టి, ఆ తర్వాత నాలుగు వారాలు విరామం ఇవ్వమంటాయి. మీకు రాసిచ్చిన గడువు వీటికంటే తక్కువైతే అదే పాటించండి.

రెండోది వేలు చెప్పే గడువు. కళ్లు మూసుకుని మచ్చ మీద వేలు ఆనించి చూడండి. దళసరితనం, గరుకుతనం పోయి చుట్టుపక్కల చర్మంతో సమంగా తగిలితే అక్కడ స్టెరాయిడ్ పని అయిపోయినట్టే. రంగు మాత్రం వెంటనే మామూలవదు. గోధుమ, నలుపు వర్ణపు చర్మంలో ఆ చోటు నెలల తరబడి ముదురుగానో, లేతగానో ఉండిపోవచ్చు. అది వ్యాధి కాదు, వ్యాధి వదిలిన గుర్తు. ఆ గుర్తును చెరిపేయాలని పూస్తూ పోయేవారికే చర్మం పలచబడటం, సన్నని నరాల్లా రక్తనాళాలు కనిపించడం, తేలికగా కమిలిపోవడం, చారలు పడటం వంటివి ఎక్కువగా వస్తాయి. పలచబడిన చర్మం కొంతవరకు కోలుకుంటుంది గానీ, పడిన చారలు పూర్తిగా పోవు. పైగా స్టెరాయిడ్ కూడా చర్మాన్ని తెల్లబరచగలదు కనుక, రంగు కోసం దాన్ని పూయడం అసలు పనికే విరుద్ధం.

సమన్వయకర్త: ఆపగానే మునుపటికంటే ఎక్కువగా తిరగబెట్టిందని కొందరు చెబుతారు.

డాక్టర్: అది నిజమే, ముఖ్యంగా అతి తీవ్రమైన మందును చాలాకాలం వాడి ఒక్కసారిగా ఆపినప్పుడు. అందుకే రోజూ పూసేదాన్ని రోజు విడిచి రోజుకూ, ఆపైన వారాంతంలో రెండు రోజులకూ తగ్గిస్తూ, మిగతా రోజుల్లో విటమిన్ డి కోవకు చెందిన కాల్సిపోట్రియాల్ పూయమని చెబుతుంటాం. కాల్సిపోట్రియాల్‌ను పొలుసులు కరిగించే సాలిసిలిక్ ఆమ్లంతో కలిపి పూస్తే అది నిర్వీర్యమైపోతుందని గుర్తుంచుకోవాలి. ఇంత చేసినా తరచూ తిరగబెడుతుంటే, లేదా మచ్చలు శరీరంలో పెద్ద భాగానికి పాకితే, ట్యూబుల సంఖ్య పెంచడం పరిష్కారం కాదు. కాంతి చికిత్స, మాత్రలు, ఇంజెక్షన్ల గురించి అప్పుడు మాట్లాడాలి. ఎక్కువ విస్తీర్ణంలో, ఎక్కువకాలం పూస్తే మందు రక్తంలో కలిసి అడ్రినల్ గ్రంథుల సహజమైన పనినే మందగింపజేయగలదు.

సమన్వయకర్త: వైద్యుల దగ్గరకు వెంటనే వెళ్లవలసిన సందర్భాలేమిటి?

డాక్టర్: మచ్చ తగ్గకుండా అంచుల వెంబడి ఉంగరంలా విస్తరిస్తుంటే అది సోరియాసిస్ కాక తామర అయి ఉండవచ్చు. స్టెరాయిడ్ దురదను అణచి రూపాన్ని మార్చేస్తుంది గానీ, శిలీంధ్రం లోలోపల పెరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఒకరికి రాసిన ట్యూబును మరొకరు వాడకూడదనడానికి ఇదే పెద్ద కారణం. మచ్చలు చీము పట్టి నొప్పి పుడుతున్నా, చూపు మసకబారినా, తీవ్రమైన నీరసం ఆవరించినా గడువు కోసం ఆగకుండా చూపించుకోండి. చర్మమంతా ఎర్రబడి వేడెక్కితే, లేదా జ్వరంతో పాటు ఒంటినిండా చీము పొక్కులు లేస్తే అది అత్యవసర పరిస్థితి, ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు వాడుతున్న ట్యూబులన్నిటినీ, ఖాళీ అయినవాటితో సహా, వెంట తీసుకెళ్లండి. ఏ మందు ఎంతకాలం వాడారో తెలిస్తేనే తర్వాతి చికిత్సను నిర్ణయించగలం.