రామప్ప చెరువు చుట్టూ నడక: నీళ్లు ఎటు పోతే బాట అటు

నమస్కారం. ములుగు జిల్లా పాలంపేటకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది రామప్ప గుడి చూస్తారు, చెరువు కట్ట మీద నాలుగు ఫోటోలు దిగుతారు, కారెక్కి పోతారు. అసలు ఊరు, పొలాలు, కాలువ ఏవీ చూడరు. ఈ వీడియోలో గుడి గురించి తక్కువ, నడక గురించి ఎక్కువ మాట్లాడుకుందాం.

ముందు చేరుకోవడం. హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకోండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర ఎడమకు తిరగాలి. బస్సులో వచ్చేవాళ్లు ములుగులో దిగి ఆటో మాట్లాడుకోవడం మేలు, తిరుగు ప్రయాణం కూడా అప్పుడే మాట్లాడుకోండి. పెట్రోలు, మందుబిళ్లలు, గట్టి భోజనం ఏది కావాలన్నా ములుగులోనే చూసుకోండి.

గుడి దగ్గర మొదలుపెడదాం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. 1213 నాటి శాసనం ప్రాంగణంలోనే ఉంది. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. నడిచేవాళ్లకు ఒక్క మాట: చెప్పులు విప్పి తిరగాల్సిన రాతి నేల ఎండాకాలంలో పది దాటితే కాళ్లు కాలుస్తుంది. అందుకే పొద్దున ముందు గుడి, తర్వాత కట్ట. తిప్పి చేస్తే అరికాళ్లు బొబ్బలెక్కి, మిగతా నడకంతా కుంటుకుంటూ సాగుతుంది.

గుడి నుంచి చెరువు సుమారు కిలోమీటరు. కట్ట పొడవు పాత లెక్కల ప్రకారం దాదాపు 2000 అడుగులు, అంటే 600 మీటర్ల పైచిలుకు. నడిచే అడుగులు లెక్కపెడితే సుమారు ఎనిమిది వందలు. గుడి, కట్ట ఈ చివర, ఆ చివర, మళ్లీ గుడి కలిపితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. ఆగకుండా నడిస్తే ముప్పావు గంట, కానీ ఇక్కడ ఆగకుండా నడిచేవాళ్లు అరుదు.

కట్ట మీద నిలబడి రెండు వైపులా చూడండి. మూడు దిక్కుల గుట్టలు, నాలుగో దిక్కు ఈ కట్ట. గుట్టల మధ్య సందును మూసేస్తే చెరువైంది. అందుకే ఇంత పొట్టి కట్ట అంత నీటిని ఆపుతోంది. లోపలి వాలుకు రాళ్లు పేర్చి ఉంటాయి, అలలకు మట్టి కోసుకుపోకుండా. ఆ రాళ్ల మీదుగా నీళ్ల దాకా దిగకండి. నీటి మట్టం దగ్గర రాయికి పాచి ఉంటుంది, కాలు జారితే అక్కడ లోతు నిదానంగా పెరగదు, ఒక్కసారే ఉంటుంది. తూము దగ్గరైతే అసలే వద్దు. తూము ఎత్తి ఉన్నప్పుడు పైన నీరు కదలనట్టే కనిపిస్తుంది, కింద మాత్రం లాగుతుంది.

ఇప్పుడు మాకు అన్నిటికన్నా నచ్చిన దారి. కట్ట కింద, కాలువ వెంట.

తూము నుంచి బయటికొచ్చిన కాలువ పల్లానికి పరుగెత్తదు. వీలైనంత ఎత్తులోనే, వాలు తెలియనంత మెల్లగా సాగుతుంది, ఎక్కువ భూమికి నీరందాలి కదా. అందుకని కాలువ గట్టు మీద ఎక్కుడు దిగుడు దాదాపు ఉండవు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నడవొచ్చు. ఒక పక్క కింద వరి మడులు, ఇంకో పక్క మెరకన చెల్క, అంటే ఇసుక కలిసిన ఎర్రనేల, అందులో పత్తి, మిర్చి. ఇంకో లాభం ఏంటంటే దారి తప్పరు. నీళ్లు చెరువు నుంచి వస్తాయి కాబట్టి, ఎక్కడున్నా పారకానికి ఎదురు నడిస్తే కట్టకే చేరతారు. ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా ఇది పనిచేస్తుంది. పిల్లకాలువలు చీలే చోట మాత్రం పెద్ద కాలువను వదలకండి. నలభై నిమిషాలు పోయి వెనక్కి తిరగండి, సరిపోతుంది.

వరి మడుల మధ్యకు దిగాలనిపిస్తే నెల చూసుకోండి. నాట్ల ముందు రైతు ఒరాలు చెక్కి, కొత్త బురద మెత్తి నున్నగా చేస్తాడు. పొలం గట్టునే ఇక్కడ ఒరం అంటారు. ఆ తడి మెత్తు మీద ఒక్క బూటు పడితే అంచు జారుతుంది. రాత్రికి అక్కడే గండి పడి పై మడి నీరంతా కింది మడికి పోతుంది. మీకు అది ఒక అడుగు, ఆయనకు మర్నాడు పొద్దున పార పట్టుకుని చేసే పని. జులై, ఆగస్టుల్లో, యాసంగి నాట్లప్పుడు జనవరిలో, ఒరాలు ఎక్కకండి. గడ్డి మొలిచి గట్టిపడ్డాక, అదీ అడిగి, వెళ్లండి. "అన్నా, ఇటు నుంచి పోవచ్చా?" అంటే చాలు, దగ్గరి బాట కూడా చూపిస్తారు.

కోతల తర్వాత ఇంకో సంగతి. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. తొక్కకండి. అంచున పెట్టిన రాళ్లకు మాపటేళ తట్టుకుని పడేవాళ్లున్నారు, టార్చి ఉంచుకోండి.

మూడో దారి చెరువు లోపలి వైపు, శిఖం భూమి. నీళ్లు తగ్గిన ఎండాకాలంలోనే అది బయటపడుతుంది. ఇక్కడ ఎక్కువమంది మోసపోయేది పైపొరను చూసి. పెంకులు పెంకులుగా పగిలి, పగుళ్లలో వేలు పట్టి, అంచులు పైకి ముడుచుకుని ఉంటే నేల ఆరినట్టు. నున్నగా మెరుస్తూ, కొంగల కాళ్ల గుర్తులు లోతుగా దిగి ఉంటే పైన ఎండిన పొర, కింద అంబలి. మోకాలి దాకా పోతుంది, బూటు అక్కడే ఉండిపోతుంది. చేతిలో కర్ర ఉంచుకుని అడుగు ముందు గుచ్చి చూడండి. మేకల డెక్కలు పడిన చోట మీరూ పోవచ్చు. బర్రెల అడుగులను నమ్మకండి, వాటికి బురదే కావాలి.

పైగా ఈ చెరువు వానల మీదే ఆధారపడి లేదు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ఇక్కడికి చేరతాయి. అంటే వాన లేని రోజుల్లోనూ మట్టం పెరగొచ్చు. పోయిన ఏడాది మార్చిలో నడిచిన అంచు ఈ మార్చిలో నీళ్లలో ఉండొచ్చు. మ్యాప్‌లో నీలం రంగు చూసి అంచు ఇక్కడే అనుకోకండి, అది ఏ నెల ఫోటోనో తెలియదు.

చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయే చోటును మత్తడి అంటారు. వానకాలంలో మత్తడి దూకుతుంటే దూరం నుంచి చూడండి. పారే నీరు పిక్కల దాకే ఉన్నా, కింద పాచి పట్టిన రాయి. దాటి అవతలికి పోవాల్సినంత పని ఎవరికీ ఉండదు.

ఇక ప్రాణం మీదికొచ్చేది ఇంకొకటి ఉంది, జాగ్రత్తగా వినండి. అడవి అంచు చేన్లలో అడవిపందుల కోసం కొందరు కరెంటు తీగ పెడతారు. అది నేరం, అయినా జరుగుతోంది. మోకాలి కంటే కిందే ఉంటుంది, చీకట్లో కనబడదు. పొద్దు గూకాక చేన్లకు అడ్డం పడి పోవద్దు, ఎంత దగ్గరైనా సరే. బండ్లబాట, రోడ్డు, కాలువ గట్టు, ఈ మూడే. పగలు కూడా మోటారు దగ్గర వేలాడే వైర్లకు దూరం. గుట్టల మీది అడవిలోకి పోవాలంటే అటవీశాఖను అడగాలి, సొంతంగా ఎక్కకండి.

సామాను సంగతి తొందరగా చెప్పేస్తాం. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఎండాకాలంలో మూడు. కాలువ నీళ్లు తాగొద్దు, పైన మందు కొట్టిన చేన్ల నుంచి వచ్చిన నీరు కూడా కలుస్తుంది. మందంగా అడుగున్న బూట్లు, పల్లేరు కాయలు పలుచటి చెప్పుల్లోంచి దిగుతాయి. నల్లరేగడి బాట వాన పడిన రోజు వద్దు, పది అడుగులకు ఒక్కో కాలికి కిలో మట్టి అంటుకుంటుంది. చెల్క బాట అయితే తొందరగా ఆరుతుంది. పాత గుళ్లకు, రాళ్లకు పెద్ద తేనెతుట్టెలు ఉంటే పొగ, సెంటు, డ్రోను చప్పుడు ఏదీ వద్దు.

ఎప్పుడు రావాలంటే మా ఓటు నవంబరు నుంచి ఫిబ్రవరికి. చెరువులో నీరుంటుంది, బాట గట్టిగా ఉంటుంది. ఆరింటికి మొదలుపెట్టి గుడి, కట్ట, కాలువ ముగించుకుంటే పదిన్నరకల్లా ఆటో దగ్గరుంటారు.